మహాభారత నాటకాల సీజనుకు ముందు నటుడి జాగ్రత్తలు

చిత్తూరు ప్రాంతంలోని ద్రౌపదీ ధర్మరాజుల ఆలయాల వద్ద పగలు హరికథ, రాత్రి నాటకం సాగే భారత ఉత్సవాలకు బృందంతో బయలుదేరే నటుడు, ఏ పద్యం ఏ శ్రుతిలో పాడాలో హార్మోనిస్టుతో ముందే ఖాయం చేసుకోవాలి. తెల్లవార్లూ గొంతు నిలవాలంటే మొదటి రాత్రే రాగాన్ని సాగదీయడం తగదు, ఈలలు ఎన్ని పడినా సరే.

అసలు ప్రమాదం అర్జున వేషధారికే. అర్జునుడి తపస్సు ఘట్టానికి నాటే ఎత్తైన స్తంభం, అంటే తపస్సు మాను, ఎక్కే ముందు దానికి కొట్టిన మెట్లు తన బరువును ఆపుతాయో లేదో స్వయంగా పరీక్షించుకోవాలి. కింద సంతానం కోరి కొంగు పట్టి నిలిచిన స్త్రీలు ఎంత ఆత్రంగా ఎదురుచూస్తున్నా, నిమ్మపండ్లు విసిరేటప్పుడు రెండు చేతులూ ఒకేసారి వదలకూడదు.

వేషానికి పసుపు రంగుగా వాడే ఖనిజమైన అరదళంలో ఆర్సెనిక్ అనే విషపదార్థం ఉంటుంది కనుక ముఖానికి పూయకూడదు. పారితోషికం మాట బయలుదేరకముందే తేల్చుకోవాలి. దుర్యోధన వధ నాడు భీముడు గద తిప్పే మేర జనాన్ని దూరంగా నిలపమని నిర్వాహకులను కోరాలి.