ఏడో ఎక్కం దగ్గర ఆగిపోయిన మా పాప

మా పాప మూడో తరగతి, ఐదో ఎక్కం గడగడా చెప్పేస్తుంది గానీ ఏడెనిమిదులు ఎంత అంటే కళ్ళల్లో నీళ్ళే, నేను కూడా వారం రోజులు బట్టీ పట్టించి తప్పు చేశా. చివరికి ఒక అట్టముక్క మీద చింతపిక్కలు 7 వరసలు, వరసకి 8 పేర్చి, ప్రతి వరసలో ఐదు పిక్కల తర్వాత వచ్చేలా నిలువుగా పుల్ల పెట్టా, ఒకవైపు ఏడైదులు 35, రెండోవైపు ఏడు మూళ్ళు 21, కలిపితే 56, తనే కూడేసింది! తర్వాత అట్టని పక్కకి తిప్పితే 8 వరసలు, వరసకి 7, పిక్కలు అవే కదా, అంటే ఎనిమిదో ఎక్కంలో కూడా ఇది వచ్చేసినట్టేనా అమ్మా అని అడిగింది, ఎంత సంతోషమేసిందో.

కాకపోతే మర్నాడు తీసివేతలో కూడా అలాగే తిప్పేసింది, 8 లడ్డూల్లోంచి 5 తినొచ్చు, 5 లడ్డూల్లోంచి 8 తినగలవా అని అడిగితే ఆగి ఆలోచించింది. కూడిక, గుణకారం తిప్పొచ్చు, తీసివేత, భాగహారం తిప్పకూడదు అని అప్పుడు చెప్పా.