పిన్ కోడ్‌తో పట్టుబడే భాగహార చిట్కా

పెద్ద సంఖ్యను 7, 11, 13లలో ఏది నిశ్శేషంగా భాగిస్తుందో తెలుసుకోవడానికి మూడు భాగహారాలు చేయనక్కరలేదు. అంకెలను కుడివైపు నుండి మూడేసి చొప్పున విడదీసి, మొదటి గుంపులోంచి రెండోదాన్ని తీసివేసి, మూడోదాన్ని కలిపి, అలా మార్చి మార్చి చేస్తూ పోగా మిగిలిన చిన్న సంఖ్యను పరీక్షిస్తే చాలు. ఋణ గుర్తు వస్తే వదిలేయవచ్చు.

మా నల్లగొండ పిన్ కోడ్ 508001నే తీసుకోండి. 508కి, 1కి తేడా 507; అది 13×39 కనుక 508001ని కూడా 13 భాగిస్తుంది, భాగఫలం 39077. మహబూబ్‌నగర్ పిన్ కోడ్ 509001కి తేడా 508 వస్తుంది, దాన్ని ఈ మూడింటిలో ఏదీ భాగించదు. 7×11×13 విలువ 1001, అంటే వెయ్యి కంటే సరిగ్గా ఒకటి ఎక్కువ కావడమే ఇందులోని కిటుకు.

అయితే లక్షలు, కోట్ల పద్ధతిలో మనం పెట్టుకునే కామాలను నమ్ముకుంటే లెక్క తప్పుతుంది (నేనూ మొదట్లో అలాగే తప్పాను). 45,67,89,123ను 456, 789, 123గా మళ్ళీ విడదీసుకోవాలి; 123 − 789 + 456 చేస్తే −210 వస్తుంది, 210ని 7 భాగిస్తుంది గాని 11, 13 భాగించవు, అసలు సంఖ్య సంగతీ అంతే.