పాత ఫూస్‌బాల్ టేబుల్ కొనేముందు

ఫూస్‌బాల్ అంటే రాడ్లకి బిగించిన బొమ్మలతో ఆడే టేబుల్ ఫుట్‌బాల్. ఫొటో చూసి అడ్వాన్సు పంపేయకండి. వెళ్లి, రెండు గేములు ఆడి చూడాలి. జేబులో కొలత టేపు, ఒక బంతి ఉంచుకోండి.

• ముందు రాడ్లు. బేరం తేలేది ఇక్కడే. మొత్తం 8 ఉంటాయి. ఒక్కోదాన్ని గట్టిగా తిప్పి వదిలేసి, కళ్లు దాని ఎత్తుకి దించి చూడండి. తిన్నగా ఉన్నది నిలకడగా తిరుగుతుంది, వంగినది మధ్యలో ఎగిరెగిరి పడుతుంది. తర్వాత లాగి, నెట్టండి. పొడిబారి బిగుసుకున్న రాడ్‌కి రెండు చుక్కల సిలికాన్ నూనె చాలు. వంగిన రాడ్‌కి అది పనిచేయదు. అమ్మేవాళ్లు మాత్రం రెండింటికీ "కాస్త నూనె వేస్తే పోతుందండీ" అనే అంటారు.

• బంతిని మధ్యలో పెట్టి చేయి తీసేయండి. పక్కకి దొర్లితే కాళ్ల కింది లెవెలర్లు (ఎత్తు మార్చే మరలు) సరిచేసి మళ్లీ చూడండి. అయినా ఏదో గుంటలోకే పోతుంటే బంతి దొర్లే పలక వంగినట్టే. చెమ్మకి ఉబ్బిన చెక్కయితే ఇక వదిలేయండి.

• బొమ్మలు లెక్కపెట్టండి. గోల్‌కీపర్ ఒక్కడే ఉంటే జట్టుకి 11, ముగ్గురుంటే 13. పాదాల దగ్గర పగుళ్లు చూడండి. ఒకటీ అరా విరిగితే టెన్షన్ పడక్కర్లేదు, ఆ రాడ్ మందానికి సరిపోయేవి దొరికితే చాలు.

• అంచు పట్టుకుని ఊపండి. కాళ్లు కదిలితే బోల్టులు చూడండి.

• మీ గుమ్మం వెడల్పు. పెద్ద టేబుల్ సుమారు 56 అంగుళాల పొడవు, 30 వెడల్పు, పైగా రాడ్లు బయటికి పొడుచుకొస్తాయి. నేను ఇది మర్చిపోయి, మెట్ల మలుపులో నిలబడి టేబుల్ కాళ్లు ఊడదీశాను.