స్ట్రైక్ పడిందా, క్లెయిమ్ వచ్చిందా? ముందు నోటీసు చదవండి

విజయనగరంలో పైడితల్లి అమ్మవారి సిరిమానోత్సవం రోజైనా, శ్రీకాకుళంలో అరసవల్లి రథసప్తమి రోజైనా లోకల్ యూట్యూబ్ చానెళ్లకు కంటి మీద కునుకుండదు. ఆ తర్వాత ఒకటి రెండు రోజుల్లోనే "మన వీడియోకి స్ట్రైక్ పడిందట" అన్న మాట మొదలవుతుంది. నోటీసు తెరిచి చూస్తే చాలాసార్లు అది స్ట్రైకే కాదు. స్ట్రైక్ అంటే చానెల్ మీద పడే మచ్చ, క్లెయిమ్ అంటే ఆ వీడియోలో తమ పాటో క్లిప్పో ఉందని హక్కుదారు చెప్పుకోవడం. క్లెయిమ్‌ను స్ట్రైక్ అనుకుని కష్టపడి తీసిన వీడియోను డిలీట్ చేసేవాళ్లున్నారు. నిజంగా స్ట్రైక్ పడ్డాక డిలీట్ కొడితే పోతుందనుకునేవాళ్లూ ఉన్నారు. రెండూ నష్టమే. కాబట్టి నోటీసు పూర్తిగా చదివి, స్క్రీన్‌షాట్ తీసి, తేదీ రాసుకునేదాకా ఏ బటనూ నొక్కకండి. తర్వాత వచ్చే గడువుల్లో చాలావాటికి ఆ తేదీ నుంచే లెక్క.

మన పోస్టు ఎలా దొరుకుతుంది

ఎక్కువ భాగం మనిషి కన్ను పడకముందే మెషీన్ పట్టేస్తుంది. పాటలకూ సినిమా క్లిప్పులకూ హక్కుదారులు ముందే ఇచ్చిన నమూనాలుంటాయి. అప్‌లోడ్ అవుతుండగానే మీ వీడియోను వాటితో పోల్చి చూస్తుంది. రక్తం, నగ్నత్వం, తుపాకులు, తిట్ల లాంటివాటిని పసిగట్టడానికి వేరే సాఫ్ట్‌వేర్ ఉంటుంది. అది తేల్చుకోలేనివీ, జనం రిపోర్ట్ చేసినవీ మనుషుల దగ్గరికి వెళ్తాయి. కోర్టు, ప్రభుత్వ ఉత్తర్వుల దారి వేరు, దాని సంగతి చివర్లో.

ఊళ్లో రెండు వర్గాలకు పడనప్పుడు "అందరూ రిపోర్ట్ కొట్టండి" అని గ్రూపుల్లో పెట్టడం మామూలే. ఎంతమంది కొట్టారన్న లెక్క మీద నిర్ణయం ఉండదని కంపెనీలే చెబుతున్నాయి. రిపోర్టుతో పోస్టు పరిశీలనకు వెళ్తుంది, అంతే. అక్కడ చూసేది అది రూల్ దాటిందా లేదా అని. "మా మీద కుట్ర చేసి కొట్టించారు" అని అప్పీల్లో రాయడం అందుకే దండగ.

కాపీరైట్ గొడవ

యూట్యూబ్‌లో ఎక్కువగా తగిలేది కంటెంట్ ఐడీ క్లెయిమ్, అంటే పైన చెప్పిన నమూనాలతో పోల్చి మెషీన్ వేసేది. ఊరేగింపు తీస్తుంటే వెనక డీజేలో సినిమా పాట మోగింది, అది దొరికింది. దీనివల్ల చానెల్‌కు మచ్చ పడదు. మామూలుగా ఆ వీడియో మీద వచ్చే డబ్బు పాట హక్కుదారుకు వెళ్తుంది, కొన్నిసార్లు వీడియో కొన్ని దేశాల్లో కనబడదు. యూట్యూబ్ స్టూడియోలో కంటెంట్ విభాగానికి వెళ్లి, ఆ వీడియో వరసలో రిస్ట్రిక్షన్స్ కింద ఉన్న మాట మీద నొక్కితే పాట ఏ నిమిషం నుంచి ఏ నిమిషం దాకా ఉందో చూపిస్తుంది. ఆ ముక్క కోసెయ్యొచ్చు, పాట మ్యూట్ చెయ్యొచ్చు, వేరే పాట పెట్టొచ్చు. వీడియో అలాగే ఉంటుంది, చూసినవాళ్ల లెక్కా పోదు. డప్పుల మోత మధ్యలో పాట మ్యూట్ చేస్తే ఆ డప్పులూ కొంత పోతాయి కాబట్టి, నలభై సెకన్ల లోపు ముక్కయితే కోసెయ్యడమే నయం.

తప్పెటగుళ్ల పాటో జానపదమో పెట్టి "ఇది మన ఊరి పాట, దీని మీద హక్కెవరిది" అని డిస్ప్యూట్ (క్లెయిమ్ తప్పన్న అభ్యంతరం) వేసేవాళ్లున్నారు. బాణీ అందరిదీ కావచ్చు. మీరు వాడింది ఏదో మ్యూజిక్ కంపెనీ రికార్డు చేసిన ఆడియో అయితే ఆ రికార్డింగ్ వాళ్లదే. కళాకారుల ముందు మైకు పెట్టి మీరే రికార్డు చేసుకుని ఉంటే డిస్ప్యూట్ వెయ్యండి. అవతలివాళ్లకు 30 రోజుల గడువుంటుంది. ఆలోగా పలక్కపోతే క్లెయిమ్ తొలగిపోతుంది. వీడియోకు ఆదాయం వస్తుంటే క్లెయిమ్ పడిన 5 రోజుల్లోపే డిస్ప్యూట్ వెయ్యండి. అప్పుడు మొదటి రోజు నుంచీ వచ్చిన డబ్బు తేలేదాకా పక్కన పెడతారు.

కాపీరైట్ స్ట్రైక్ సంగతి వేరు. హక్కుదారు చట్టప్రకారం తొలగింపు కోరితే వీడియోనే పోతుంది. 90 రోజుల్లో మూడు పడితే చానెల్ పోతుంది. హక్కుదారును అడిగి వెనక్కి తీయించుకోవడం అన్నిటికన్నా తేలిక దారి. పొరపాటున వేశారని గట్టిగా తెలిస్తేనే కౌంటర్ నోటిఫికేషన్ (తొలగింపు తప్పని చట్టప్రకారం ఇచ్చే జవాబు) ఇవ్వండి. అందులో రాసిన మీ పేరు, చిరునామా అవతలివాళ్లకు వెళ్తాయన్నది గుర్తుంచుకోండి. వాళ్లు 10 పనిదినాల్లో కోర్టుకు వెళ్లినట్టు చూపించకపోతే వీడియో తిరిగొస్తుంది.

రూల్ దాటినందుకు పడే స్ట్రైక్

యూట్యూబ్ మొదటిసారి హెచ్చరికతో వదిలేస్తుంది. అప్పుడు చూపించే చిన్న ట్రైనింగ్ పూర్తి చేసి, 90 రోజులు అదే రూల్ మళ్లీ దాటకపోతే హెచ్చరిక కూడా పోతుంది. పది నిమిషాల పని, వదులుకోకండి. ఆ తర్వాత మొదటి స్ట్రైక్‌కు వారం పాటు అప్‌లోడ్, లైవ్ బంద్. 90 రోజుల్లో రెండోది పడితే రెండు వారాలు. మూడోది పడితే చానెల్ ఉండదు. వీడియో డిలీట్ చేసినా స్ట్రైక్ పోదు. బంద్ ఉన్నన్నాళ్లూ తమ్ముడి పేరుతో ఇంకో చానెల్ తెరిచి అందులో పెడితే, దాన్ని రూల్ ఎగ్గొట్టడం కింద లెక్కేసి రెండూ తీసేసే ప్రమాదముంది.

మన జిల్లాల్లో ఎక్కువగా దెబ్బతినేవి రెండు రకాలు. ఒకటి సంక్రాంతి కోడిపందేలు. మనుషులు జంతువుల్ని పోట్లాటకు ఉసిగొల్పే దృశ్యాలు యూట్యూబ్ రూల్స్ ప్రకారం నిషిద్ధం. "మన సంప్రదాయం" అన్న వాదన ఇక్కడ నడవదు, అప్పీల్ వేసి పోగొట్టుకోకండి. రెండోది గ్రామదేవత జాతరలో మొక్కుల వీడియోలు. వేటపోతును నరికే క్షణాన్ని దగ్గర నుంచి, నేపథ్యమేమీ చెప్పకుండా పెడితే వయసు పరిమితి గానీ తొలగింపు గానీ తప్పదు. జాతర ఏది, ఏ ఊరు, ఆచారమేమిటి అని వీడియోలోనే మాటతో చెప్పి, ఆ క్షణాన్ని కత్తిరిస్తే నిలబడే అవకాశం ఎక్కువ. థంబ్‌నెయిల్‌లో నెత్తురు మాత్రం వద్దు. థంబ్‌నెయిల్‌కు విడిగా స్ట్రైక్ పడొచ్చు.

తుపాను రోజుల్లో ఇంకోటి. 2018 అక్టోబరులో పలాస వైపు తీరం దాటిన తిత్లీ వీడియోలు వాయుగుండం వచ్చినప్పుడల్లా "ఇప్పుడే ఉద్దానంలో" అంటూ తిరుగుతాయి. ఫేస్‌బుక్‌లో దానికి ఫ్యాక్ట్ చెక్ (నిజమా కాదా అని తేల్చే) లేబుల్ తగిలితే పోస్టు ఉంటుంది గానీ చాలా తక్కువమందికే చేరుతుంది. మళ్లీ మళ్లీ జరిగితే పేజీ రీచ్ మొత్తం పడిపోతుంది. పాత వీడియో పెట్టాలనుకుంటే తేదీని తెర మీదే రాయండి. లేబుల్ తప్పనిపిస్తే రాయాల్సింది దాన్ని వేసిన ఫ్యాక్ట్ చెక్ సంస్థకు.

ఫేస్‌బుక్‌లో లెక్క కాస్త మెతక. 2023లో దాని కంపెనీ మెటా ప్రకటించిన పద్ధతిలో మొదటిదానికి హెచ్చరిక. ఆరు స్ట్రైకుల దాకా గ్రూపుల్లో పోస్టు చెయ్యడం లాంటి కొన్ని పనులకే అడ్డు. ఏడోదానికి ఒక రోజు, ఎనిమిదోదానికి మూడు, తొమ్మిదోదానికి ఏడు, పదోదానికీ ఆ పైవాటికీ 30 రోజులు పోస్టింగ్ ఆగుతుంది. స్ట్రైక్ ఏడాదికి కాలం చెల్లుతుంది. పిల్లల లైంగిక దృశ్యాల వంటి తీవ్రమైన వాటికి మాత్రం ఈ మెట్లేవీ ఉండవు, ఖాతా నేరుగా పోతుంది. మీ లెక్క ఎంతుందో సెట్టింగ్స్‌లో అకౌంట్ స్టేటస్ చూపిస్తుంది, ఇన్‌స్టాలోనూ అంతే. ఖాతానే ఆపేస్తే అప్పీల్‌కు 180 రోజుల గడువు.

వాట్సాప్

వాట్సాప్ మెసేజ్ లోపల ఏముందో చూడలేదు. అది చూసేది నంబరు నడవడిక. పలాస జీడిపప్పు ధరల పట్టిక ఎక్కడో కొన్న నంబర్లన్నిటికీ ఒకేసారి పంపితే, అందుకున్నవాళ్లు బ్లాక్, రిపోర్ట్ కొడతారు, నంబరు బ్యాన్ అవుతుంది. రిపోర్ట్ కొడితే చివరి ఐదు మెసేజ్‌లు కంపెనీకి చేరతాయి. బ్రాడ్‌కాస్ట్ లిస్టు మీ నంబరు సేవ్ చేసుకున్నవాళ్లకే వెళ్తుంది కాబట్టి ముందు కొనేవాళ్ల చేత సేవ్ చేయించండి. తెర మీద టైమర్ కనబడితే అది తాత్కాలిక బ్యాన్. జీబీ వాట్సాప్ లాంటి నకిలీ యాప్ వాడినా ఇలాగే వస్తుంది. అసలు యాప్‌కు మారితే సరి. టైమర్ లేకుండా పూర్తిగా ఆగితే యాప్‌లోనే సమీక్ష కోరే బటన్ ఉంటుంది, ఎస్సెమ్మెస్‌లో వచ్చే ఆరంకెల కోడ్ కొట్టి నాలుగు ముక్కలు రాయండి.

అప్పీల్ రాసే తీరు

యూట్యూబ్‌లో ఒక్కో స్ట్రైక్‌కు ఒక్కటే అప్పీల్, 90 రోజుల్లోపు. అందుకే కోపంలో రాయొద్దు. "నా తప్పేం లేదు సార్, చానెల్ మీదే బతుకుతున్నాం" అన్నదాంట్లో పరిశీలకుడికి పనికొచ్చేది ఏమీ లేదు. ఇలా రాయండి: "హింసాత్మక దృశ్యాల నిబంధన కింద తొలగించారు. ఇది విజయనగరం సిరిమానోత్సవం. 4:10 నుంచి 4:35 వరకు మాను చివర కూర్చున్నది పూజారి, ఇది ఏటా జరిగే మొక్కుబడి. ఎవరికీ గాయం కాలేదు. 0:20 దగ్గర వ్యాఖ్యానంలో ఈ విషయం చెప్పాం." రూల్ పేరు, నిమిషం, సందర్భం ఉంటే చాలు. నిజంగా రూల్ దాటి ఉంటే అప్పీల్ మానేసి 90 రోజులు జాగ్రత్తగా గడపడమే మేలు.

ఫేస్‌బుక్, ఇన్‌స్టాలో అప్పీల్ తిరస్కరిస్తే కొన్నిటికి రిఫరెన్స్ నంబరు ఇస్తారు. దాంతో 15 రోజుల్లోపు మెటా నిర్ణయాలను తిరిగి చూసే ఓవర్‌సైట్ బోర్డుకు వెళ్లొచ్చు. బోర్డు తీసుకునేవి బహు కొద్ది, ఆశలు పెట్టుకోకండి.

మన దేశంలో ఉన్న పై మెట్టు

చాలామందికి తెలియని దారి ఇదే. 2021 ఐటీ నిబంధనల ప్రకారం ప్రతి పెద్ద సోషల్ మీడియా కంపెనీ ఇండియాలో ఫిర్యాదులు చూసే గ్రీవెన్స్ ఆఫీసర్‌ను పెట్టి, వివరాలు సైట్‌లో చూపించాలి. ఫిర్యాదు అందినట్టు 24 గంటల్లో చెప్పాలి. తేల్చడానికి మొదట 15 రోజులిచ్చారు, కొన్ని రకాల ఫిర్యాదులకు 2022 సవరణలో 72 గంటలకు కుదించారు, 2026లో ఈ గడువులు ఇంకా తగ్గాయి. లింకు, నోటీసు స్క్రీన్‌షాట్, అప్పీల్ జవాబు జతచేసి పంపండి. స్వయంచాలకంగా వచ్చిన అందినట్టు మెయిల్‌ను కూడా దాచుకోండి.

జవాబు నచ్చకపోతే 30 రోజుల్లోపు కేంద్రం 2023లో ఏర్పాటు చేసిన గ్రీవెన్స్ అప్పిలేట్ కమిటీకి వెళ్లొచ్చు. జీఏసీ డాట్ గవ్ డాట్ ఇన్‌లో అంతా ఆన్‌లైనే, ఢిల్లీ వెళ్లనక్కర్లేదు. గ్రీవెన్స్ ఆఫీసర్‌కు రాయకుండా నేరుగా వెళ్తే మాత్రం తిరిగొస్తుంది.

మీ ఫొటో మార్ఫ్ చేసి ఎవరో పెట్టినా ఇదే ఆఫీసర్‌కు రాయండి. నగ్న చిత్రాల ఫిర్యాదు మీద 24 గంటల్లోపే చర్య తీసుకోవాలని 2021లో పెట్టారు, 2026లో ఆ గడువును ఇంకా తగ్గించారు. దాంతోపాటు సైబర్ క్రైమ్ పోర్టల్‌లోనూ ఫిర్యాదు పెట్టండి, లింకు కాపీ చేసుకునేదాకా అవతలివాడిని బ్లాక్ చెయ్యకండి.

నోటీసులో "చట్టపరమైన అభ్యర్థన" అని ఉంటే అది కంపెనీ రూల్ కాదు, మామూలుగా ప్రభుత్వమో కోర్టో చెప్పింది. అక్కడ అప్పీల్ బటన్‌తో లాభం ఉండదు. ఏ అధికారి, ఏ సెక్షన్ కింద అని గ్రీవెన్స్ ఆఫీసర్‌ను రాతపూర్వకంగా అడిగి, ఆ కాగితంతో లాయర్ని కలవండి. అలాంటి ప్రభుత్వ ఉత్తర్వును సవాలు చెయ్యాల్సింది మామూలుగా హైకోర్టులో.