లేజర్ పని నేర్చుకుందాం – 4వ పాఠం: కోసే ముందు పదార్థం సంగతి తెలుసుకోండి

ముందుగా పోయిన పాఠం లెక్కకు జవాబు. లేజర్ పాయింటర్ కాంతిని వెంట్రుక మీద వేసి, గోడ మీద పడే చారలను బట్టి వెంట్రుక మందం కనుక్కోవడం ఆ లెక్క. ఎర్ర పాయింటర్ తరంగదైర్ఘ్యం 650 నానోమీటర్లు, వెంట్రుక నుంచి గోడకు దూరం 2 మీటర్లు, గోడ మీద పక్కపక్క నల్ల చారల మధ్య 18 మిల్లీమీటర్లు. తరంగదైర్ఘ్యాన్ని గోడ దూరంతో గుణించి, చారల మధ్య దూరంతో భాగిస్తే 72 మైక్రోమీటర్లు వస్తుంది. మీ వెంట్రుకకు 50 నుంచి 100 మధ్య ఏది వచ్చినా కొలత బాగానే చేసినట్టు. 7 గానీ 700 గానీ వచ్చినవాళ్లు సెంటీమీటర్లు, మిల్లీమీటర్ల దగ్గర ఒకసారి మళ్లీ చూసుకోండి.

అక్కడ కాంతి వెంట్రుక అంచుల దగ్గర వంగింది, వెంట్రుకకు మాత్రం ఏమీ కాలేదు. ఈసారి కాంతితో పదార్థాన్ని కోస్తాం. ఈ పాఠం అయ్యేసరికి మీరు తెలియని ఒక షీటు చేతికి తీసుకుని, దాన్ని ఏ లేజర్ కింద పెట్టాలో, అసలు పెట్టొచ్చో లేదో తేల్చుకోగలగాలి. పెట్టొచ్చంటే ఫోకస్, పవర్, స్పీడ్ మీరే నిర్ణయించుకోగలగాలి.

రెండు మెషిన్లు, రెండు కాంతులు

హైదరాబాద్‌లో లేజర్ మెషిన్ చూడటానికి పెద్దగా తిరగక్కర్లేదు. నేమ్‌ప్లేట్లు, ట్రోఫీలు చేసే షాపుల్లో ఉండేది ఎక్కువగా సీఓటూ లేజర్, అంటే కార్బన్ డయాక్సైడ్ వాయువు నుంచి కాంతి పుట్టించేది. ఛత్తా బజార్‌లో పెళ్లి పత్రికలు చూస్తున్నప్పుడు జాలీ డిజైన్ ఉన్న కార్డు చేతికొస్తే దాని అంచు గమనించండి. సన్నగా గోధుమరంగు గీత ఉంటే అది లేజర్ కోతే. నగల మీద, స్టీలు సామాన్ల మీద పేర్లు, నంబర్లు వేసేది ఫైబర్ లేజర్, అంటే సన్నటి గాజు తీగలో కాంతి పుట్టించేది. సొంతంగా చేసి నేర్చుకోవాలనుకునేవాళ్లకు రాయదుర్గంలో 2023లో తెరిచిన టీ-వర్క్స్ అనే ప్రభుత్వ వర్క్‌షాపు ఉంది. బాలాపూర్ దగ్గరి ఏఆర్‌సీఐ అనే కేంద్ర ప్రభుత్వ పరిశోధన సంస్థలో లోహాలను లేజర్‌తో అతకడం, పైపొరను గట్టిపరచడం మీద పరిశోధనలు జరుగుతున్నాయి. అది మన స్థాయికి చాలా పైమాట.

సీఓటూ లేజర్‌ను 1964లో అమెరికాలోని బెల్ ల్యాబ్స్‌లో తయారుచేసింది మనవాడే, బారామతిలో పుట్టిన కుమార్ పటేల్. దాని తరంగదైర్ఘ్యం 10.6 మైక్రోమీటర్లు. ఫైబర్ లేజర్‌ది సుమారు 1.06. రెండూ కంటికి కనపడవు. తేడా పది రెట్లు, ఆ పది రెట్లలోనే అంతా ఉంది. లేజర్ కోయాలంటే పదార్థం ఆ కాంతిని పీల్చుకోవాలి. అద్దంలా తిప్పికొట్టినా, కిటికీలా వదిలేసినా ఎన్ని వాట్లున్నా దండగే.

పారదర్శక యాక్రిలిక్ సంగతి చూడండి. 10.6 మైక్రోమీటర్ల కాంతిని అది పైన మిల్లీమీటరులో పదో వంతు దాటనివ్వకుండా పీల్చేస్తుంది. అందుకే సీఓటూ కింద చక్కగా తెగుతుంది. అదే షీటును ఫైబర్ లేజర్ కింద పెడితే కాంతి దాదాపు మొత్తం కిందికి వెళ్లిపోతుంది. షీటు చెక్కుచెదరదు, కింద ఉన్న బల్ల మీద మచ్చ పడుతుంది. రాగి ఇంకో రకం. 10.6 దగ్గర పడిన కాంతిలో 98 శాతానికి పైగా తిప్పికొడుతుంది. అందుకే సీఓటూ మెషిన్లలో అద్దాలుగా రాగిని, బంగారు పూత వేసిన సిలికాన్‌ను వాడతారు. లెన్స్ మాత్రం పసుపుగా ఎందుకు ఉంటుందని చాలామంది అడుగుతారు. మామూలు గాజు 10.6ను తానే పీల్చుకుని పగిలిపోతుంది కాబట్టి జింక్ సెలెనైడ్ వాడతారు, దాని రంగే అది. పగిలితే ముక్కలను ఒట్టి చేత్తో ఎత్తకండి, పొడి పీల్చకండి, విషం.

ఇప్పుడు ఇదే విషయాన్ని మీ కళ్లకు వర్తింపజేయండి. సీఓటూ మెషిన్ మూతకు ఉండే పారదర్శక యాక్రిలిక్ నిజంగానే రక్షణ ఇస్తుంది, ఆ కాంతిని పీల్చేస్తుంది కాబట్టి. ఫైబర్ మెషిన్ ముందు అదే షీటు పెట్టుకుని కూర్చుంటే కళ్లకు ఏ అడ్డూ లేనట్టే. పైగా 10.6 కంటి పైపొర దగ్గరే ఆగుతుంది, 1.06 మాత్రం కంటి లెన్స్ దాటి వెళ్లి రెటీనా మీద ఫోకస్ అవుతుంది. అక్కడ కాలితే నొప్పి తెలియదు, చూపు తిరిగి రాదు. ఫైబర్ లేజర్ దగ్గర 1064 నానోమీటర్లకు పనికొస్తాయని వాటి మీదే రాసి ఉన్న కళ్లద్దాలు తప్పనిసరి. కూలింగ్ గ్లాసెస్ చాలనుకునేవాళ్లు ఈ సిరీస్ ఇక్కడే ఆపేయడం మంచిది.

ఈ షీటు ఏమిటి?

షాపులో ఒక మూల ముక్కలు కుప్పగా పడి ఉంటాయి. "అన్నా, ఇది యాక్రిలిక్కేనా?" అంటే "ఆఁ, అదే" అంటారు. నమ్మొద్దు. తెల్లటి ఫోమ్ షీటు, చాలామంది సన్‌బోర్డ్ అనేది, ఎక్కువసార్లు పీవీసీ అయి ఉంటుంది. రెక్సిన్, స్టిక్కర్ వినైల్ కూడా అదే. లేజర్ తగిలితే పీవీసీలోని క్లోరిన్ హైడ్రోజన్ క్లోరైడ్ వాయువుగా బయటికొస్తుంది. గాలిలోని తేమతో కలిసి హైడ్రోక్లోరిక్ ఆమ్లం అవుతుంది. ఊపిరితిత్తులకు చేటు, మెషిన్ పట్టాలకు తుప్పు, లెన్స్‌కు మచ్చలు. వానాకాలంలో అయితే మరీ త్వరగా.

కనిపెట్టే పరీక్ష సులువే, బైల్‌స్టైన్ అనే రసాయన శాస్త్రవేత్త పేరు మీద ఉంది. ఒక రాగి తీగను పట్టకారుతో పట్టుకుని గ్యాస్ మంటలో, మంటకు ఏ రంగూ అంటనంత వరకు కాల్చండి. ఎర్రటి తీగను షీటు మూలకు తాకిస్తే చిటికెడు ప్లాస్టిక్ అంటుకుంటుంది. మళ్లీ మంటలో పెట్టండి. మంట ఆకుపచ్చగా వెలిగితే క్లోరిన్ ఉందని లెక్క, ఆ షీటు లేజర్ కిందికి వెళ్లకూడదు. ఆరుబయట చేయండి, ఆ పొగకు ఎదురుగా నిలబడకండి.

ఆ ఆకుపచ్చ రంగు ఎక్కడిది? రాగి, క్లోరిన్ కలిసి ఆవిరై, వేడికి ఉత్తేజితమై తమదైన రంగు కాంతిని వదులుతాయి. ఉప్పు చల్లితే మంట పసుపెక్కడం కూడా ఇలాంటిదే, అది సోడియం వదిలే 589 నానోమీటర్ల కాంతి. మంటకు బదులు లేజర్ పల్స్‌తో, అంటే క్షణకాలపు కాంతి మెరుపుతో, ఇదే పని చేస్తే దాన్ని లిబ్స్ అంటారు. బలమైన పల్స్ ఒక చిన్న చుక్కను ప్లాస్మాగా, అంటే వెలిగే వేడి వాయువుగా మారుస్తుంది, ఆ ప్లాస్మా వెలుగును స్పెక్ట్రోమీటర్‌తో విడదీసి ఏ మూలకాలున్నాయో చదువుతారు. 2023 ఆగస్టులో చంద్రయాన్-3 రోవర్ ప్రజ్ఞాన్ చంద్రుడి దక్షిణ ధ్రువ ప్రాంతంలో గంధకం ఉందని చెప్పింది ఈ పద్ధతితోనే. ఆ పరికరం బెంగళూరులోని ఇస్రో ల్యాబ్‌లో తయారైంది. గచ్చిబౌలిలో హైదరాబాద్ యూనివర్సిటీవాళ్లు పేలుడు పదార్థాలను గుర్తించడానికి దీని మీద చాన్నాళ్లుగా పనిచేస్తున్నారు. నా మాటకొస్తే, లేజర్ నేర్చుకునేవాళ్లు కోతతో కాకుండా ఈ రాగి తీగతోనే మొదలుపెట్టాలి. కాంతిని చూసి పదార్థాన్ని గుర్తుపట్టే అలవాటు వచ్చాక మిగతాది మెషిన్ మాన్యువల్‌లో దొరుకుతుంది.

ఫోకస్

షాపుల్లో ఎక్కువగా కనిపించే సీఓటూ లెన్స్ ఫోకల్ దూరం 2 అంగుళాలు, అంటే 50.8 మిల్లీమీటర్లు. లెన్స్ మీద పడే కిరణం వ్యాసం 6 మిల్లీమీటర్లు అనుకుంటే ఫోకస్ దగ్గర చుక్క సైజు సుమారు 0.11 మిల్లీమీటర్లు వస్తుంది. లెక్క ఇది: 4 × తరంగదైర్ఘ్యం × ఫోకల్ దూరం, దాన్ని π (3.14) × కిరణం వ్యాసంతో భాగించాలి. ఇది ఆదర్శ కిరణానికి, మీ మెషిన్‌లో కొంచెం లావుగానే ఉంటుంది. చుక్క సన్నగా నిలిచే లోతు సుమారు 2 మిల్లీమీటర్లు. 4 అంగుళాల లెన్స్ వేస్తే చుక్క రెట్టింపు అవుతుంది, లోతు నాలుగు రెట్లు. మందమైన షీటుకు పొడవు లెన్స్, సన్న అక్షరాలకు పొట్టి లెన్స్ అనేది అందుకే.

ఫోకస్ పట్టుకోవడానికి, పనికిరాని ప్లైవుడ్ పట్టీని ఒక చివర ఎత్తుగా, ఒక చివర పల్లంగా వాలుగా పెట్టండి. తక్కువ పవర్‌తో దాని పొడవునా ఒకే గీత గీయించండి. గీత ఎక్కడ అన్నిటికంటే సన్నగా ఉందో అక్కడ నాజిల్‌కూ (కిరణం బయటికొచ్చే మూతి) పట్టీకీ మధ్య దూరం కొలవండి. ఆ దూరానికి ఒక యాక్రిలిక్ గేజ్ ముక్క కోసి మెషిన్‌కు కట్టేయండి.

పవర్, స్పీడ్

"3 ఎంఎం యాక్రిలిక్‌కు ఎంత పెట్టాలి?" అని అడిగితే ఎవరి మెషిన్ అంకె వాళ్లు చెబుతారు. మీరు ఆలోచించాల్సింది మిల్లీమీటరుకు ఎంత శక్తి అందుతోందని. 40 వాట్లు, సెకనుకు 20 మిల్లీమీటర్ల వేగం అయితే మిల్లీమీటరుకు 2 జౌల్స్. 20 వాట్లు, 10 మిల్లీమీటర్లు అయినా అవే 2 జౌల్స్. అయినా రెండు కోతలూ ఒకేలా ఉండవు. వేగం తగ్గితే చుక్క ఒకే చోట ఎక్కువసేపు నిలుస్తుంది, వేడి పక్కలకు పాకుతుంది. చుక్క 0.2 మిల్లీమీటర్లు, వేగం 10 అయితే ఒక చోట నిలిచేది 0.02 సెకను. ఆ కాస్త సమయంలో యాక్రిలిక్‌లో వేడి సుమారు 0.1 మిల్లీమీటరు లోపలికి వెళుతుంది. యాక్రిలిక్‌కు ఆ మాత్రం వేడి మేలే, అంచు కరిగి అద్దంలా మెరుస్తుంది. కాగితం కరగదు, మాడుతుంది. కాబట్టి పెళ్లి పత్రికకు పవర్‌తో పాటు వేగం కూడా బాగా పెంచాలి.

చేతిపనిగా, కోరల్‌డ్రా అనే డ్రాయింగ్ సాఫ్ట్‌వేర్‌లో 10 మిల్లీమీటర్ల చదరాలు 5 వరుసలు, 5 నిలువులు గీయండి. నిలువులకు పవర్ మార్చండి, వరుసలకు స్పీడ్ మార్చండి. మీ షీటు ముక్క మీదే కోయించండి. షీటు ఎత్తినప్పుడు ఏ చదరాలు వాటంతట అవే రాలిపోయాయో గుర్తుపెట్టండి. రాలిన వాటిలో అన్నిటికంటే తక్కువ జౌల్స్ ఉన్నదాన్ని తీసుకుని, దానికి పదో వంతు కలపండి. ఆ షీటుకు మీ సెట్టింగ్ అదే. మే నెలలో మళ్లీ చేయండి. సీఓటూ మెషిన్‌లో కాంతి పుట్టే ట్యూబును చల్లబరిచే నీళ్లు 25 డిగ్రీలు దాటితే పవర్ పడిపోతుంది, బకెట్ నీళ్లతో నడిపే మెషిన్ మధ్యాహ్నానికి ఉదయం సెట్టింగ్‌తో తెగదు.

కోత వెడల్పు కూడా అప్పుడే కొలిచేయండి. 100 మిల్లీమీటర్ల పొడవు పట్టీని 10 సమాన ముక్కలుగా, చుట్టూ అంచుతో సహా కోసి, ముక్కలన్నీ దగ్గరికి నెట్టి వెర్నియర్‌తో కొలవండి. 98.2 వస్తే ఒక్కో కోత 0.18 మిల్లీమీటర్లు తినేసినట్టు. గాడిలో ముక్క బిగుతుగా కూర్చోవాలంటే షీటు మందంలోంచి ఇది తీసేసి గీయాలి. మందం మాత్రం వెర్నియర్‌తో చూడండి, బిల్లు మీద 3 అని రాసినది 2.8 ఉండొచ్చు.

బంగారం మీద ఎలా పడుతుంది?

బంగారం 1.06 మైక్రోమీటర్ల కాంతిని కూడా 95 శాతానికి మించి తిప్పికొడుతుంది. మరి ఉంగరం లోపల హాల్‌మార్క్ ఎలా వేస్తారు? కాంతిని పల్స్‌లుగా పంపి. 20 వాట్ల మెషిన్ సెకనుకు 20,000 పల్స్‌లు ఇస్తే ఒక్కో పల్స్‌లో 1 మిల్లీజౌల్. అది 100 నానోసెకన్లలో వచ్చేస్తే ఆ క్షణానికి పవర్ 10,000 వాట్లు. 30 మైక్రోమీటర్ల చుక్కలోకి కుదిస్తే చదరపు సెంటీమీటరుకు సుమారు 140 కోట్ల వాట్లు. అందులో కొద్ది శాతం లోపలికి పోయినా పైపొర ఆవిరవుతుంది. ఇంకోటి, స్వచ్ఛమైన బంగారంలో 0.02 సెకనులో వేడి 3 మిల్లీమీటర్ల దూరం పారిపోతుంది. 100 నానోసెకన్లలో 7 మైక్రోమీటర్లే. కాబట్టి నగ వేడెక్కకుండా అక్షరం ఒక్కటే పడుతుంది.

ఇంటి పని

ఇంట్లో 2023 ఏప్రిల్ 1 తర్వాత కొన్న బంగారు నగ ఉంటే పదింతల భూతద్దంతో చూడండి. బీఐఎస్ (భారతీయ ప్రమాణాల సంస్థ) గుర్తు, 22కె916 లాంటి స్వచ్ఛత అంకె, ఆ నగకే ప్రత్యేకమైన ఆరు అక్షరాల హెచ్‌యూఐడీ కోడ్ కనిపించాలి. ఆ తేదీ నుంచి హెచ్‌యూఐడీ లేకుండా హాల్‌మార్క్ నగ అమ్మకూడదు. అక్షరం గీత చుక్కలు చుక్కలుగా ఉందా, ఒకే గాడిగా ఉందా రాసుకోండి. ఆ కోడ్‌ను బీఐఎస్ కేర్ యాప్‌లో కొట్టి చూడండి.

రెండో లెక్క: 60 వాట్లు, సెకనుకు 15 మిల్లీమీటర్లు, షీటు మందం 5, కోత వెడల్పు 0.2. ఒక ఘన మిల్లీమీటరు యాక్రిలిక్‌ను తీసేయడానికి ఎన్ని జౌల్స్ ఖర్చయ్యాయి? అదే శక్తి పడుతుందనుకుంటే 8 మిల్లీమీటర్ల షీటుకు స్పీడ్ ఎంతకు తగ్గించాలి? మీ చదరాల పట్టికతో పోల్చి చూడండి, తేడా వస్తే ఫోకస్ లోతు గురించి పైన చెప్పింది మళ్లీ చదవండి.

వచ్చే పాఠంలో కోత ఉండదు. మూలకాలు కాక అణువులనే గుర్తుపట్టే రామన్ పద్ధతి చూద్దాం. ఆ పద్ధతికి పేరైన శాస్త్రవేత్త సి.వి. రామన్ దగ్గర పనిచేసి తర్వాత ఉస్మానియా వైస్ చాన్సలర్ అయిన సూరి భగవంతం పేరు కూడా అక్కడ వస్తుంది. ఆకుపచ్చ పాయింటర్, పాత డీవీడీ, కొంచెం కొబ్బరినూనె దగ్గర పెట్టుకోండి.