కుబర్నెటీస్ షెడ్యూలర్ పాడ్‌లను సరైన నోడ్‌ల మీద పెట్టేలా చేయడం

కుబర్నెటీస్ అంటే ప్రోగ్రాములను చాలా యంత్రాల మీద పంచి నడిపే వ్యవస్థ; ఆ యంత్రాల గుంపు క్లస్టర్, ఒక్కో యంత్రం నోడ్, ఒకటి లేదా కొన్ని కంటైనర్లుగా నడిచే ప్రోగ్రాము పాడ్, ఏ పాడ్ ఏ నోడ్ మీదకు వెళ్లాలో నిర్ణయించేది షెడ్యూలర్. బెంగళూరు అవుటర్ రింగ్ రోడ్డు వెంబడి ఉన్న కార్యాలయాల్లో క్లస్టర్లు నడిపే తెలుగువారు ఒకచోట చేరితే తరచుగా వినిపించే ప్రశ్న ఒకటుంది: "గ్రఫానా గ్రాఫుల్లో చూస్తే నోడ్‌లు సగానికి పైగా ఖాళీగానే ఉన్నాయి కదండీ, కొత్త పాడ్ ఎందుకు పెండింగ్‌లో ఆగిపోయింది?" ఈ ప్రశ్న రాగానే చాలామంది షెడ్యూలర్ సెట్టింగులను మార్చడానికి పూనుకుంటారు. నా అభిప్రాయంలో అది చివర చేయవలసిన పని.

షెడ్యూలర్ ముందుగా పాడ్‌ను మోయలేని నోడ్‌లను వడపోసి, మిగిలినవాటికి మార్కులు వేసి, ఎక్కువ మార్కులు వచ్చిన నోడ్‌ను ఎంచుకుంటుంది. ఈ రెండు దశల్లోనూ అది చూసేది మనం రాసిన రిక్వెస్ట్‌లనే (పాడ్‌కు ఇంత సీపీయూ, ఇంత మెమరీ కావాలని ముందే అడిగే అంకెలనే) తప్ప నిజంగా ఖర్చవుతున్న సీపీయూను, మెమరీని కాదు. సంక్రాంతికి కాచిగూడ రైలులో బెర్తు రిజర్వు చేసుకున్న మనిషి ఎక్కకపోయినా, చార్టులో ఆ బెర్తు నిండినట్టే ఉంటుంది. రిక్వెస్ట్ కూడా అటువంటిదే.

కాబట్టి రిక్వెస్ట్‌లను సరిదిద్దడంతో మొదలుపెట్టండి. వినియోగపు కొలతలను దాచే ప్రొమీథియస్‌లో కనీసం రెండు వారాల వినియోగాన్ని తీసి చూడండి. ఆహారం ఇంటికి చేర్చే సేవ వంటిది నడుపుతున్నవారు మధ్యాహ్న, రాత్రి భోజన వేళలనూ వారాంతాలనూ విడిగా పరిశీలించాలి. సీపీయూకు 95వ పర్సెంటైల్ (కొలతల్లో 95 శాతం దానికి లోపే ఉండే విలువ) దగ్గర రిక్వెస్ట్ పెడితే సాధారణంగా సరిపోతుంది. మెమరీకి మాత్రం గరిష్ఠ వినియోగం మీద మరికొంత కలపాలి, ఎందుకంటే సీపీయూ లిమిట్ (వాడుకోగల గరిష్ఠం) దాటబోయిన కంటైనర్ నెమ్మదిస్తుంది గాని, మెమరీ లిమిట్ దాటిన కంటైనర్ చంపబడుతుంది. వినియోగాన్ని బట్టి రిక్వెస్ట్‌లను సరిచేసే వర్టికల్ పాడ్ ఆటోస్కేలర్‌ను 'ఆఫ్' మోడ్‌లో ఉంచితే, అది ఏమీ మార్చకుండా సూచనలు మాత్రమే ఇస్తుంది.

ఆ తరువాత పరిమాణాల పొందికను చూడండి. నా దృష్టిలో ఎక్కువ వృథా జరిగేది ఇక్కడే. 8 సీపీయూల నోడ్‌లో 8 సీపీయూలూ మనకు దక్కవు. వ్యవస్థకు కేటాయించినది పోగా 7.9 మిగిలిందనుకుందాం, లాగ్‌లు, మెట్రిక్‌లు సేకరించే డీమన్‌సెట్‌లు (ప్రతి నోడ్ మీదా ఒక్కో ప్రతిగా నడిచే పాడ్‌లు) 0.3 తీసుకుంటే మిగిలేది 7.6. పాడ్‌కు 2 సీపీయూలు అడిగితే మూడు పాడ్‌లే పట్టి 1.6 సీపీయూ వృథాగా ఉండిపోతుంది. అదే 1.9 అడిగితే నాలుగు పడతాయి. గుండ్రని అంకెలు రాసే అలవాటును మానుకొని, ఏ నోడ్‌ల మీద పెడుతున్నామో చూసి అంకె రాయడం వల్ల, షెడ్యూలర్‌ను ముట్టుకోకుండానే నోడ్‌ల సంఖ్య తగ్గవచ్చు.

ఇప్పుడు మార్కుల విధానానికి వద్దాం. అప్రమేయంగా (డిఫాల్ట్‌గా) ఉండే 'లీస్ట్‌అలొకేటెడ్' ఖాళీ ఎక్కువున్న నోడ్‌కు ఎక్కువ మార్కులు వేసి పాడ్‌లను పరుస్తుంది. ఆన్‌లైన్ సేవలకు ఇది మంచిదే. అయితే అవసరాన్ని బట్టి నోడ్‌లను పెంచి తగ్గించే క్లస్టర్ ఆటోస్కేలర్ ఒక నోడ్‌ను తీసివేయాలంటే, దాని మీది రిక్వెస్ట్‌ల మొత్తం అప్రమేయ పరిమితి అయిన 50 శాతం కంటే తక్కువగా 10 నిమిషాల పాటు ఉండాలి. అన్ని నోడ్‌ల మీదా కొద్దికొద్దిగా పాడ్‌లు పరచుకొని ఉంటే ఆ నోడ్‌లు ఖాళీ కావడం కష్టమవుతుంది. అందువల్ల బ్యాచ్ పనులకు (మొదలై ముగిసిపోయే పనులకు), ఎక్కువ నిండిన నోడ్‌కే ఎక్కువ మార్కులు వేసే 'మోస్ట్‌అలొకేటెడ్'తో వేరే ప్రొఫైల్‌ను (షెడ్యూలర్ సెట్టింగుల కట్టను) రాసి, ఆ పాడ్‌లలో 'షెడ్యూలర్‌నేమ్'గా దాని పేరు పెట్టండి. క్లౌడ్ సంస్థే నడిపే మేనేజ్డ్ సేవల్లో కంట్రోల్ ప్లేన్ (షెడ్యూలర్ వంటివి ఉండే నియంత్రణ భాగం) సాధారణంగా మన చేతిలో ఉండదు గనుక రెండో షెడ్యూలర్‌ను డిప్లాయ్‌మెంట్‌గా, అంటే మామూలు పాడ్‌లా, నడపవలసి రావచ్చు. అప్పుడు రెండు షెడ్యూలర్లు ఒకే ఖాళీని ఒకేసారి ఎంచుకునే ప్రమాదం ఉంది కాబట్టి, బ్యాచ్ నోడ్‌లను టెయింట్‌తో (అనుమతి లేని పాడ్‌లను రానివ్వని గుర్తుతో) వేరుచేయడం క్షేమం.

బెంగళూరు బృందాల క్లస్టర్లలో చాలా వాటికి ఇల్లు క్లౌడ్‌లోని ముంబై రీజియన్. అక్కడి మూడు జోన్ల (విడివిడి డేటా కేంద్రాల సమూహాల) మధ్య ముఖ్యమైన సేవను పంచడానికి టోపాలజీ స్ప్రెడ్ నియమంలో 'మ్యాక్స్‌స్క్యూ' (పాడ్‌ల సంఖ్యలో ఉండగల తేడా) 1గా పెట్టి, జోన్‌కు 'డునాట్‌షెడ్యూల్' (కుదరకపోతే పెట్టవద్దు), నోడ్‌కు 'షెడ్యూల్‌ఎనీవే' (కుదరకపోయినా పెట్టు) ఇవ్వండి; రెండింటినీ కఠినం చేస్తే డిప్లాయ్ మధ్యలో పాడ్‌లు ఇరుక్కుపోతాయి. పాత పాడ్‌ల చోట కొత్తవాటిని కొద్దికొద్దిగా పెట్టే రోలింగ్ అప్‌డేట్‌లో పాత వెర్షన్ పాడ్‌లు కూడా లెక్కలోకి వచ్చి, అవి పోయాక పంపకం ఒకవైపు ఒరుగుతుంది. ఆ నియమంలోని 'మ్యాచ్‌లేబుల్‌కీస్'లో పాడ్ టెంప్లేట్ హ్యాష్‌ను (వెర్షన్‌ను గుర్తించే లేబుల్‌ను) చేర్చడమే దీనికి మందు. కొన్ని వందల నోడ్‌లు దాటిన క్లస్టర్లలో పాడ్ యాంటీ అఫినిటీ (ఫలానా పాడ్‌లు ఉన్నచోట పెట్టవద్దనే నియమం) షెడ్యూలింగ్‌ను బాగా నెమ్మదింపజేస్తుంది కాబట్టి అక్కడ దానిని వాడకండి.

ఒకసారి పెట్టిన పాడ్‌ను, ప్రాధాన్యం ఎక్కువున్న మరో పాడ్‌కు చోటు కావలసి వస్తే తప్ప, షెడ్యూలర్ తానుగా కదపదు. పాత పంపకాన్ని సరిచేయడానికి, పాడ్‌లను తొలగించి మళ్లీ షెడ్యూల్ అయ్యేలా చేసే డీషెడ్యూలర్ కావాలి. మోస్ట్‌అలొకేటెడ్ వాడే చోట తక్కువ నిండిన నోడ్‌లను ఖాళీ చేసే 'హైనోడ్‌యుటిలైజేషన్' వ్యూహాన్నే ఎంచుకోండి. ఎక్కువ నిండిన నోడ్‌ల నుంచి పాడ్‌లను తీసే 'లోనోడ్‌యుటిలైజేషన్' పెడితే ఒకటి సర్దినదాన్ని మరొకటి చెదరగొడుతూ ఉంటుంది. డీషెడ్యూలర్‌ను ఆన్ చేసేముందు ప్రతి సేవకూ పాడ్ డిస్రప్షన్ బడ్జెట్ (ఒకేసారి ఎన్ని పాడ్‌లను తొలగించవచ్చో చెప్పే పరిమితి) ఉందని రూఢి చేసుకోండి.

ఈ మార్పులను ఒక్కసారిగా కాక, ఒకదాని తరువాత ఒకటిగా చేస్తూ, ప్రతిదాని తరువాత ఒక వారం పాటు రిక్వెస్ట్‌లలో నిజంగా వాడబడిన శాతాన్నీ, పెండింగ్ పాడ్‌ల సంఖ్యనూ, నోడ్‌ల సంఖ్యనూ పోల్చి చూడండి. పెండింగ్ పెరిగితే వెనక్కి తీసుకోవలసినది చివరగా చేసిన ఆ ఒక్క మార్పునే.