సర్వర్‌కి పంపిన ఫైల్ టైమ్ తేడాగా చూపిస్తుంటే ఎలా సరిచేయాలి?

సర్వర్‌కి ఫైళ్లు పంపే ఎఫ్‌టీపీ ప్రోగ్రామ్ ఓపెన్ చేస్తే ఎడమవైపు మన కంప్యూటర్, కుడివైపు సర్వర్. ఒకటే ఫైలు, ఇటు సాయంత్రం 6:40 అని ఉంటుంది, అటు మధ్యాహ్నం 1:10 అని ఉంటుంది. చాలామంది కంగారుపడి సైట్ మొత్తం మళ్లీ అప్‌లోడ్ కొట్టేస్తారు, దాంతో సర్వర్‌లో ఉన్న అసలు టైమ్‌లు కూడా పోతాయి. అంత తొందరొద్దు, ముందు తేడా ఎంతో లెక్కేయండి, సగం జవాబు అక్కడే దొరుకుతుంది.

1. తేడా ఎంత?

సరిగ్గా 5 గంటల 30 నిమిషాలుంటే ఇంక ఆలోచించక్కర్లేదు, టైమ్‌జోన్ గొడవే. సర్వర్లు ఎక్కువగా యూటీసీలో, అంటే ప్రపంచమంతటికీ ప్రామాణికమైన టైమ్‌లో నడుస్తాయి, మనం దానికి 5:30 ముందుంటాం. సరిగ్గా గంట తేడా, అదీ మార్చిలోనో అక్టోబర్, నవంబర్‌లలోనో కొత్తగా మొదలైతే సర్వర్ టైమ్ అమెరికాదో యూరప్‌దో అయ్యుంటుంది, అక్కడ డేలైట్ సేవింగ్ (ఎండాకాలంలో గడియారం గంట ముందుకు జరపడం) మారింది. ఒకట్రెండు సెకన్లయితే ఫైల్ పెన్‌డ్రైవ్ మీదుగానో జిప్‌లోంచో వచ్చినట్టు, ఫ్యాట్ ఫార్మాట్‌లోనూ మామూలు జిప్‌లోనూ టైమ్ 2 సెకన్లకోసారే నమోదవుతుంది, దాన్ని వదిలేయండి. ఏడు నిమిషాలు, పంతొమ్మిది నిమిషాలు లాంటి అడ్డదిడ్డం తేడా ఉంటే రెండింట్లో ఒకదాని గడియారం తప్పుగా నడుస్తోంది. ఇక ఫైళ్లన్నీ మీరు అప్‌లోడ్ కొట్టిన టైమే చూపిస్తుంటే అది వేరే కథ, నాలుగో స్టెప్ చూడండి.

2. ఒక టెస్ట్ ఫైల్ పంపండి

పాత ఫైళ్లు చూసి లెక్కేస్తే పప్పులో కాలేస్తారు. మామూలు ఎఫ్‌టీపీ లిస్టింగ్‌లో ఆర్నెల్లు దాటిన ఫైళ్లకి తేదీ, సంవత్సరం మాత్రమే వస్తాయి, గంటలు నిమిషాలు ఉండవు. అందుకని ఒక చిన్న టెక్స్ట్ ఫైల్ కొత్తగా చేసి, టైమ్ కాపాడే ఆప్షన్ (నాలుగో స్టెప్‌లో ఉంది) ఆపేసి పంపి, లిస్ట్ రిఫ్రెష్ చేయండి. ఇప్పటి టైమ్ కనపడాలి. ముందుకో వెనక్కో జరిగిందంటే ఆ జరిగినంతే మీ ఆఫ్‌సెట్.

3. ఆఫ్‌సెట్ పెట్టండి

ఫైళ్ల జాబితా అడిగే పాత లిస్ట్ కమాండ్‌తో వచ్చే టైమ్‌లో ఏ టైమ్‌జోనో ఉండదు, కొన్ని ప్రోగ్రాములు దాన్ని మన టైమే అనుకుంటాయి, కొన్ని యూటీసీ అనుకుని 5:30 కలిపేస్తాయి. ఎంఎల్ఎస్‌డీ అనే కొత్త జాబితా కమాండ్ ఉన్న సర్వర్ అయితే యూటీసీలోనే, సెకన్లతో సహా పంపిస్తుంది కాబట్టి ఈ తలనొప్పి ఉండదు. లేకపోతే ఫైల్‌జిల్లా అనే ఎఫ్‌టీపీ ప్రోగ్రామ్‌లో సైట్ మేనేజర్‌లోకి వెళ్లి, మీ సైట్ ఎంచుకుని, అడ్వాన్స్‌డ్ ట్యాబ్‌లో సర్వర్ టైమ్ ఆఫ్‌సెట్ చూడండి. గంటలకో గడి, నిమిషాలకో గడి వేరుగా ఉంటాయి, మన అరగంటకి అదే దిక్కు. టెస్ట్ ఫైల్ 5:30 ముందుకు చూపిస్తే రెండు గడుల్లోనూ మైనస్, వెనక్కి చూపిస్తే ప్లస్. డిస్కనెక్ట్ అయి మళ్లీ కనెక్ట్ అవ్వండి.

ఇది చూపించే టైమ్‌ని మాత్రమే సరిచేస్తుంది, సర్వర్‌లో ఫైల్ మారదు. అలాగని చూపించేదే కదా అని వదిలేయకూడదు. మీ కొలీగ్ సర్వర్‌లో ఒక ఫైల్‌ని సాయంత్రం 6:40కి మార్చారనుకోండి, మీ స్క్రీన్ మీద అది 1:10 అని పడుతుంది, మీ దగ్గరున్న కాపీ మధ్యాహ్నం 3:00 గంటలది. "కొత్తదైతేనే ఓవర్‌రైట్" పెట్టి అప్‌లోడ్ కొడితే ప్రోగ్రామ్ మీదే కొత్తదనుకుని ఆయన పని మొత్తం తుడిచేస్తుంది, ఎర్రర్ కూడా రాదు.

4. అసలు టైమ్ పోకుండా పంపండి

ఫైల్‌జిల్లా ట్రాన్స్‌ఫర్ మెనూలో ప్రిజర్వ్ టైమ్‌స్టాంప్స్ టిక్ చేయండి. టిక్ పెట్టినా అప్‌లోడ్‌కి పని చేయట్లేదంటే సర్వర్‌కి ఫైల్ టైమ్ మార్చే ఎంఎఫ్ఎంటీ కమాండ్ రాదేమో చూడాలి. సర్వర్ మెనూలో కస్టమ్ కమాండ్ దగ్గర ఫీట్ (FEAT) అని ఇంగ్లీషులో నాలుగక్షరాలు కొడితే దానికి ఏమేం వచ్చో జాబితా వస్తుంది. అందులో ఎంఎఫ్ఎంటీ లేకపోతే ఎన్ని టిక్కులు పెట్టినా దండగే.

నన్నడిగితే హోస్టింగ్‌వాళ్లు ఎస్ఎస్‌హెచ్ (సర్వర్‌లోకి భద్రంగా లాగిన్ అయ్యే దారి) ఇస్తే ఎఫ్‌టీపీ మానేసి దాని మీద నడిచే ఎస్ఎఫ్‌టీపీకి వెళ్లిపోండి. అందులో టైమ్ యూటీసీ సెకన్లలో వెళ్తుంది, మూడో స్టెప్ అవసరమే రాదు.

5. కమాండ్ లైన్ వాడేవాళ్లకి

ఫైళ్లు కాపీ చేసే ఎస్‌సీపీ కమాండ్‌కి చిన్న పీ (-p) పెట్టాలి, పెద్ద పీ (-P) అంటే పోర్ట్. రెండు చోట్లా ఫైళ్లని ఒకేలా ఉంచే ఆర్‌సింక్‌కి టీ (-t) గానీ, దాన్ని కలుపుకునే ఏ (-a) గానీ ఉండాలి, లేకపోతే టైమ్‌లు కలవక ప్రతిసారీ అన్ని ఫైళ్లనీ మళ్లీ చూస్తూ కూర్చుంటుంది. ముందు ఎన్, ఐ (-n, -i) కూడా కలిపి ఉత్తుత్తి రన్ చేయండి, టైమ్ తేడా ఉన్న ఫైల్ పక్కన చిన్న టీ కనపడుతుంది. లోపల డేటా కూడా మారిందేమో అని అనుమానంగా ఉంటే సీ (-c) పెడితే చెక్‌సమ్ (ఫైల్ లోపలి డేటా నుంచి లెక్కేసిన అంకె) పోలుస్తుంది, నిదానమే కానీ నమ్మొచ్చు.

కోడ్ మార్పుల చరిత్ర దాచే గిట్‌తో డిప్లాయ్ చేసేవాళ్లు (సైట్‌ని సర్వర్‌కి పంపేవాళ్లు) మాత్రం టైమ్ పోలిక మీద ఆశలు పెట్టుకోవద్దు, గిట్ ఫైల్ టైమ్ దాచదు, చెకౌట్ చేసిన టైమే పడుతుంది.